మిద్దె మీది నీళ్లు

పోయిన వారం మనం ధర్మవరంలో పెద్ద మిద్దె వాకిట్లో ఆగిపోయాం. మనం ఆగాం గానీ మంట ఆగలేదు. రంగులు కాచే వెనక గదిలో కిరసనాయిలు డబ్బా అంటుకుంది. అక్కడి నుంచి నిప్పు మగ్గాల హాల్లోకి పాకింది. నేసేవాళ్లంతా చేతిలో పని చేతిలోనే వదిలి బయటికి ఉరికారు. అందరూ బయటపడ్డారని ఊపిరి పీల్చుకునేలోగా తిప్పన్న పెళ్లాం కదిరమ్మ మళ్లీ లోపలికి పోయింది. ఆమె మగ్గం మీద ఉన్నది షావుకారు చీర అయితే తగలబడనీ అనుకునేదే. కానీ అది చౌడేశ్వరమ్మ చీర. ఏడాదికొకసారి వీధి వీధంతా ఇంటికింత పట్టు ఇచ్చి, ఏదో ఒక ఇంటికి వంతు వేస్తే, ఆ ఇంటివాళ్లు ఒంటిపొద్దు ఉండి అమ్మవారికి నేసే చీర. ఈ ఏడు వంతు కదిరమ్మది. ఇంకో మూరెడు నేస్తే అయిపోయే చీరను నిప్పుకు వదిలేసి రావడానికి ఆమెకు కాళ్లాడలేదు. కోసుకొస్తానని కత్తెర పట్టుకుని పోయింది, మళ్లీ రాలేదు.

ఫైరు ఆఫీసరు ఆదెన్న తన మనుషులను ఇద్దరిని, నడుములకు తాడు కట్టి, ఆమె కోసం లోపలికి పంపాడు. మనం ఆగింది అక్కడే.

ఆ తాడు రెండో కొస ఇప్పుడు ఆదెన్న చేతిలో ఉంది. ఒకసారి లాగితే బాగున్నాం అని, రెండుసార్లు లాగితే ముందుకు పోతున్నాం అని, వరసబెట్టి లాగితే వెనక్కి రమ్మని వాళ్ల మధ్య ఒప్పందం. లోపలికి పోయినవాళ్లలో పెద్దవాడు రంగన్న. ఆదెన్న కన్నా వయసులో పెద్ద, మంటలు చూడటంలోనూ పెద్ద. అతని చేతి కింద పని నేర్చుకున్న ఆదెన్నే ఈ రోజు అతనికి ఆఫీసరు. రెండోవాడు పుల్లన్న. రంగన్న బావిలో దూకితే ఎందుకని అడక్కుండా వెనకే దూకే రకం. ఇద్దరూ మొహాలకు తడిగుడ్డలు కట్టుకుని, నేలకు పొట్ట ఆనించి పాకుతూ పోయారు. పొగ పైకే పోతుంది, నేల మీద జానెడు మేర గాలి మిగులుతుంది అన్నది ఒకప్పుడు రంగన్న ఆదెన్నకు చెప్పిన మొదటి పాఠం.

నీళ్లు మాత్రం లేవు. బండిలో తెచ్చినవన్నీ వెనక గది మీద, పక్కిళ్ల గోడల మీద ఖర్చయిపోయాయి. మిద్దె కాలితే మిద్దె ఒక్కటే పోతుంది, పక్క వరసకు అంటుకుంటే వీధి పోతుందని ఆదెన్న లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఊరి చెరువు అడుగంతా నెర్రెలిచ్చి ఉంది. బావుల్లో బక్కెట వేస్తే ఇసుక వస్తుంది. అందుకని బండిని రైల్వే స్టేషనుకు తోలించాడు. బొగ్గింజన్లకు నీళ్లు పట్టే గొట్టం దగ్గర తప్ప ఆ ఊళ్లో అన్ని నీళ్లు ఒక్కచోట దొరకవు. రైలింజన్లు కడుపునిండా తాగి పోతుంటే మనుషులు బిందెలు పట్టుకుని చూసే ఊరు మరి.

అయితే అసలు నీళ్లే లేవనడం కూడా అబద్ధమే. పక్క గోడకు నిచ్చెన వేసుకుని ఆడవాళ్లు వరసగా నిలబడి బిందెలు పైకి అందిస్తున్నారు. మిద్దె మీద నిలబడినవాళ్లు అందుకుని కుమ్మరిస్తున్నారు. కొళాయి మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియని కరువులో అవి తాగడానికి దాచుకున్న నీళ్లు. ఆదెన్న బండి దిగీ దిగకముందే ఎవరో వచ్చి, "మిద్దె మీద నీళ్లు పోస్తామన్నా" అంటే, వెనక గది వైపు పరిగెత్తుతూనే "పొయ్యండి" అన్నాడు. ఆ తొందరలో ఎవరైనా ఆ మాటే అంటారు. ఇంటికి నిప్పంటుకుంటే నీళ్లు పోయొద్దనేవాణ్ణి ఎవరైనా చూశారా?

గడప దగ్గర గొంతుక్కూర్చుని తాడు పట్టుకున్న ఆదెన్న ముంజేతి మీద ఏదో చల్లగా పడింది. చూస్తే బూడిదరంగు బురద చుక్క. తలెత్తాడు. పైన కప్పును మోసే దంతెల సందుల్లోంచి తడిమట్టి జారుతోంది. కాస్త లోపలగా, పొగలో లీలగా కనిపించే దూలం పొడవునా, పిండి జల్లించినట్టు పొడిమట్టి రాలుతోంది. అనుమానం వచ్చి తలుపు రెక్కను తోశాడు. వచ్చినప్పుడు వేలితో తోస్తే కదిలిన తలుపు ఇప్పుడు ద్వారబంధం పైకొయ్యకు పట్టేసి కదలడం లేదు. అంటే పైకొయ్య కిందికి దిగింది. దాని మీద మిద్దె దిగింది.

రాతిగోడలు, కొయ్యస్తంభాలు, స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, కట్టెలు, బోదగడ్డి, ఆ పైన చౌడు మట్టి. ఈ సీమలో మిద్దె అంటే ఇంతే. వానాకాలం ముందు కొత్తగా చౌడు పోసి తొక్కితే చుక్క కారదు. ఆదెన్న పుట్టిందీ అలాంటి మిద్దెలోనే, గుత్తి పక్కన ఒక పల్లెలో. నానిన మట్టి బరువు అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. గుర్తు రావలసిన సమయానికి గుర్తు రాలేదు, అంతే.

మిద్దె యజమాని గంగాధరప్ప తువ్వాలు నెత్తిన వేసుకుని గోడ పక్కనే నిలబడి ఉన్నాడు.

"గంగాధరప్పా, మిద్దెకు మట్టి ఎప్పుడు వేయించినావు?"

ఇల్లు కాలుతుంటే ఈ ప్రశ్న ఏమిటో గంగాధరప్పకు అర్థం కాలేదు. "ఉగాది అయినాక వేయించినా సార్. పంచాంగంలో ఈ ఏడు వానలు దండిగా ఉండాయని చదివినారు గదా. బండ్లతో తోలించినా."

"పాత మట్టి గీరించినావా?"

"దాన్నెందుకు గీరేది? మా నాయన కాలం నుంచి పైపైన పోస్తానే ఉండాము. కారితే గదా గీరేది."

అదీ నిజమే. వానే లేని చోట మిద్దె కారేదెట్లా, కారని మిద్దెను గీరేదెవరు? పంచాంగం వినడం, చౌడు తోలించడం, ఆకాశం వైపు చూడటం. తండ్రి పోసిన మట్టి మీద కొడుకు పోశాడు. ఒక్కో పొర ఒక్కో ఏటి ఆశ. మనవాళ్లు వానను నమ్మినంతగా దేవుణ్ణి కూడా నమ్మరు. ఆ నమ్మకమంతా ఇప్పుడు రంగన్న, పుల్లన్నల నెత్తి మీద నిలబడి ఉంది. కింద దూలాలు కాలుతున్నాయి. పైన మట్టి బిందెలకు బిందెలు తాగుతోంది.

ఆదెన్న తాడు వదలకుండానే లేచి నిచ్చెన వైపు తిరిగాడు. "మిద్దె దిగండి. ఒక్క చుక్క పోయొద్దు. అందరూ దిగండి."

పైనున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిచ్చెన మొదట్లో నిలబడిన ముసలామె మాత్రం బిందె చంకన పెట్టుకుని అతని దగ్గరికే వచ్చింది. ఆమె తిమ్మమ్మ, తిప్పన్న తల్లి, లోపల చిక్కుకున్న కదిరమ్మకు అత్త.

"పొయ్యమన్నదీ నువ్వే గదప్పా."

"నేనేనమ్మా. అప్పుడు తోచక అన్నా. ఇప్పుడు వద్దంటాండా. మట్టి నాని బరువెక్కింది. మిద్దె కూలేటట్టుండాది."

"పైన ఇంత తడిస్తే లోపల నా కోడలికి ఇంత సల్లగా ఉంటుందని పోస్తాండాము. పిల్లోళ్లకు గుక్కెడు కూడా దాచలేదు. ఇండ్లల్లో బిందెలన్నీ బోర్లించుకుని వచ్చినాము. వద్దంటే అర్థమేమప్పా? ఆ పిల్ల కాలిపోతే పోనీ అనా?"

"నువ్వు పోసే ప్రతి బిందె నీ కోడలి నెత్తిన పెడ్తాండావమ్మా."

ఆ మాటే ఇంకాస్త మెత్తగా చెప్పొచ్చు. మెత్తగా చెప్పే తీరిక అతనికి లేదు. తిమ్మమ్మ మొహం చిన్నబోయింది. బిందె వైపు చూసింది, మిద్దె వైపు చూసింది. అప్పటిదాకా తాను కోడల్ని కాపాడుతున్నాననుకుంది ఆమె. నీళ్లు ఒలకబోయలేదు, కింద పెట్టలేదు. బిందెను అట్లాగే చంకన పెట్టుకుని గోడకు దూరంగా పోయి నిలబడింది. పైనున్నవాళ్లు ఒక్కొక్కరే దిగసాగారు.

ఆదెన్న తాడును వరసబెట్టి లాగాడు. లోపలి నుంచి జవాబు వచ్చింది. రెండు లాగులు. ముందుకు పోతున్నాం. మళ్లీ లాగాడు. మళ్లీ రెండు. రంగన్న మొండితనం తాడు ఇవతలి కొస దాకా తెలుస్తోంది. ఆదెన్న ఈల తీసి ఆపకుండా ఊదాడు. ఫైరు సర్వీసులో ఆ ఈలకు ఒకటే అర్థం, ఉన్నది ఉన్నట్టు వదిలేసి బయటికి రమ్మని.

ఆ ఈల అర్థం తెలియనివాడు ఒకడున్నాడు. తిప్పన్న వచ్చి తాడును రెండు చేతులా పట్టుకున్నాడు. నేసి నేసి భుజాలు ముందుకు వంగిన బక్కమనిషి. ఆ చేతుల్లో అంత బలం ఉంటుందని ఆదెన్న అనుకోలేదు.

"ఏం చేస్తాండావు సార్?"

"మావాళ్లను వెనక్కి పిలుస్తాండా."

"కదిరమ్మ దొరికిందా?"

"లేదు."

"దొరక్కుండా ఎందుకు పిలుస్తాండావు?"

"మిద్దె దిగబడతాంది తిప్పన్నా. ఏ గడియలో కూలుతుందో చెప్పలేము."

"కూలకపోతే? ఇంక రెండు గడియలు నిలబడితే? అప్పుడు నా పెండ్లాన్ని నువ్వు సంపినట్టు గాదా?"

"కూలకపోతే నేను సంపినట్టే," అన్నాడు ఆదెన్న. "కూలితే ముగ్గురు పోతారు. ఇద్దర్నయినా బయటికి తీసుకోవాల."

"ఆ ఇద్దరూ నీవాళ్లు సార్. ఆ ఒక్కటీ నాది."

ఆదెన్న అతని చేతుల మీద చెయ్యి వేసి, ఒక్కొక్క వేలూ విడదీసి, తాడు లాగుతూనే ఉన్నాడు. తిప్పన్న మొహం చూడలేదు. చూస్తే తాను లాగలేడని అతనికి తెలుసు.

ముందు పుల్లన్న వచ్చాడు, గడప దాటి గోడకు ఆనుకుని వాంతి చేసుకున్నాడు. వెనక రంగన్న. కనుబొమలు కాలి, కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. మొహం మీది గుడ్డ పీకి పారేసి నేరుగా ఆదెన్న మీదికి వచ్చాడు.

"దగ్గు విన్నా సార్. మూడో స్తంభానికి అవతల. ఇంకొంచెం పోనిచ్చింటే చెయ్యి అందేది. ఆ పిల్ల దగ్గతాంది, నేను చెవులారా విన్నా."

వెనక తిప్పన్న గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అది ఏడుపూ కాదు, మాటా కాదు.

"మిద్దె దిగతాంది రంగన్నా. తలుపు చూడు."

"నాకు చెప్తావా? మట్టి రాలేది నేను చూల్యా? చూసే పోతాండా. పోతే నా పానం పోతుంది."

"పుల్లన్న పానం కూడా నీదేనా?"

వాంతి చేసుకుంటున్న పుల్లన్న వైపు రంగన్న ఒకసారి చూశాడు. నడుముకున్న ముడి విప్పి తాడును ఆదెన్న కాళ్ల ముందు పడేశాడు. "ఈ పని నీకు నేర్పింది నేను. లోపల మనిషి దగ్గుతుంటే తిరిగొచ్చేది మాత్రం నేను నేర్పలేదు."

లోపలికి దూసుకుపోబోయిన తిప్పన్నను ఆదెన్న నలుగురి చేత పట్టించాడు. జనాన్ని వెనక్కి తోయించాడు. గోడ ఎంత ఎత్తుందో అంత దూరం, ఆ పైన ఇంకొంత. గంగాధరప్పను రెక్క పట్టి లాక్కురావలసి వచ్చింది. అందరూ వీధి అవతల అరుగులకు ఆనుకుని నిలబడి మిద్దె వైపు చూశారు.

మిద్దె కూలలేదు.

పొగ వస్తోంది, గోడలు నిలబడే ఉన్నాయి. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో గట్టిగానే అన్నారు, "సుక్క నీళ్లు పొయ్యనీకుండా, మనిషిని పోనీకుండా, ఈయప్ప తమాషా చూస్తాండాడు" అని. రంగన్న దూరంగా, వీపు తిప్పి నిలబడ్డాడు. ఆ క్షణంలో ఆదెన్న మిద్దె కూలాలని కోరుకున్నాడు. కూలితే తాను చెప్పింది నిజమవుతుంది. కూలితే ఈ కళ్లన్నీ తన మీద నుంచి తప్పుకుంటాయి. ఆ కోరికకు అర్థం ఏమిటో మరుక్షణమే తెలిసి, తన మీద తనకే అసహ్యం వేసింది. లోపల ఆడమనిషి ఉంది. మిద్దె కూలాలని ఎట్లా కోరుకున్నాడు?

అతను ఏది కోరుకున్నా మిద్దెకు పట్టలేదు. ముందు లోపలెక్కడో దూలం విరిగిన చప్పుడు వచ్చింది. మిద్దె నడిమధ్యన కుంగింది. ఆ తరువాత అంతా ఒక్కసారిగా, తండ్రి పోసిన మట్టీ, కొడుకు పోసిన మట్టీ, ఆడవాళ్లు పోసిన తాగేనీళ్లూ కలిసి లోపలికి దిగిపోయాయి. నేల అదిరింది. వాకిలి లోంచి దుమ్ము తోసుకొచ్చి వీధిని కప్పేసింది. ముందు గోడ పగిలి నిలువునా నెర్రె విచ్చింది గానీ పడలేదు. ఇంతకుముందు రంగన్న నిలబడి తిట్టిన చోట ద్వారబంధం విరిగి పడి ఉంది.

నువ్వు చెప్పిందే జరిగింది సార్ అని ఎవరూ అనలేదు. అట్లాంటి మాట అనే చోటు కాదది. తిమ్మమ్మ చంకన బిందెతోనే ఉన్నచోట కూలబడింది. పట్టుకున్నవాళ్లు వదిలేసినా తిప్పన్న కదల్లేదు. రంగన్న వచ్చి, ఆదెన్న తన వెంట నేల మీద ఈడ్చుకొచ్చిన తాడు తీసుకుని, ఆదెన్న మొహం చూడకుండా, మోచేతికి చుట్టుకోసాగాడు. పని అయిపోయినప్పుడు తాడు అట్లా చుడతారు. ఆదెన్నకు ఆ చుట్టడం చూస్తుంటే ఏడుపు ముంచుకొచ్చింది. ఇద్దర్ని బతికించినందుకు సంతోషం వస్తుందేమోనని లోపల వెతుక్కున్నాడు. రాలేదు.

దుమ్ము అణుగుతుండగా తిప్పన్న తలెత్తాడు. కూలిన మిద్దె వైపు చెవి పెట్టాడు. చెయ్యి ఎత్తి అందర్నీ ఊరుకోమన్నాడు. మతి చలించిందనుకుని ఎవరో భుజం పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

"నాడె," అన్నాడు. మగ్గం మీద పేక పోగును అటూ ఇటూ మోసే కొయ్య అది.

మట్టి కిందెక్కడి నుంచో, చాలా సన్నగా, టక్కు టక్కుమని వినిపిస్తోంది.

"రాయి మీద నాడె కొడ్తాంది సార్. కొయ్యా ఇనుమూ కలిసిన సప్పుడది, నాకు తెల్దా. గుంతలో ఉండాది. మగ్గం గుంతలోకి దిగింది."

నేసేవాళ్ల కాళ్లు కిందికి ఉండేందుకు ప్రతి మగ్గం కింద నడుము లోతున గుంత ఉంటుంది, అంచుల చుట్టూ బండలు. పొగకు తాళలేక కదిరమ్మ ఆ గుంతలో దూరి ఉంటుంది. దేవుడే కాపాడాడో, కొయ్యే కాపాడిందో. రంగన్న అప్పటికే తాడు పారేసి కిటికీ దగ్గరికి ఉరికాడు. వెనకే ఆదెన్న. తాను వేసిన హద్దును తానే దాటానని అతనికి తెలియనే లేదు. కిటికీ ఊచల సందుల్లోంచి రంగన్న వేలు పెట్టి చూపించాడు. మూడో స్తంభానికి అవతల లావుపాటి దూలం ఒకటి ఏటవాలుగా పడి, మీదున్న మట్టికుప్పను ఆపి పట్టుకుంది. చప్పుడు దాని కిందినుంచే వస్తోంది.

ఆ దూలం రెండో కొస మండుతోంది. నిప్పు కొయ్య వెంబడి మెల్లగా ఇటే పాకుతోంది.

అప్పుడే వీధి మలుపులో గంట మోగింది. రైల్వే స్టేషను నుంచి బండి వచ్చేసింది, నిండా నీళ్లతో. "నీళ్లొచ్చినాయి, నీళ్లొచ్చినాయి" అని జనం దారి ఇచ్చారు. పుల్లన్న తూలుతూనే పోయి పైపు లాక్కొచ్చి కిటికీకి ఎదురుగా కాళ్లు ఊనుకుని నిలబడ్డాడు. డ్రైవరు పంపు మీద చెయ్యి వేసి ఆర్డరు కోసం చూశాడు.

"ఆపు," అని ఆదెన్న చెయ్యెత్తాడు.

రంగన్న చివాలున తిరిగాడు. "దూలం అంటుకుంటాంది సార్. అది కాలి విరిగితే మట్టంతా ఆ పిల్ల మీదే."

"పోస్తే ఆ నీళ్లు యాడికి పోతాయి రంగన్నా?"

రంగన్న కిటికీలోంచి మళ్లీ చూశాడు. నేలంతా సమం. పల్లం ఎక్కడుందంటే గుంతల్లోనే ఉంది. పైపు నీళ్లు మట్టిని కరిగించి, బురద చేసి, పల్లం వెతుక్కుంటూ నేరుగా ఆ గుంతలోకే దిగుతాయి. ఇంతసేపటికి మొదటిసారి అతను ఆదెన్న కళ్లలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఇప్పుడేం చేద్దామని అడుగుతున్న చూపు అది.

తిమ్మమ్మ లేచి వచ్చింది. ఆ నిండు బిందె ఇంకా ఆమె చంకనే ఉంది.

"పొయ్యమన్నావు, పోసినాము. వద్దన్నావు, మానినాము. ఇప్పుడు ఏం చెప్తావో అది చెప్పు నాయనా. నా కోడలి పానం నీ నోట్లో ఉండాది."

ఆదెన్న ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. డ్రైవరు, పైపు పట్టుకున్న పుల్లన్న, వీధి వీధంతా ఆ చేతినే చూస్తున్నారు. లోపల నాడె చప్పుడు మాత్రం తొందర లేకుండా, ఇంట్లోవాళ్లు వచ్చి తలుపు తీస్తారన్న నమ్మకం ఉన్న మనిషి తట్టినట్టు, వస్తూనే ఉంది. తనను ఒకసారి వదిలేసి బయటికి వచ్చేశారని కదిరమ్మకు ఇంకా తెలియదు.